డూపు

“గదుగో, మిద్దె మీద ఉరుకుతాండు సూడు అత్తమ్మా, నీ కొడుకే,” అంది స్రవంతి.

హనుమకొండ థియేటర్లో తెలుగులోకి మార్చిన తమిళ ఫైటింగు సినిమా ఆడుతోంది. ఆస్తి కోసం అన్నదమ్ములు కొట్టుకునే కథ. హీరోకు డూపుగా ఆ మిద్దె మీది నుంచి దూకిన కుమారస్వామి ఆ షూటింగులోనే చనిపోయాడు. “నా కొడుకును మద్రాసుకు తోలి సంపినవ్,” అని భద్రమ్మ అప్పటి నుంచీ కోడలితో మాట్లాడడం మానేసింది. కొడుకు కనిపిస్తాడంటేనే ఇవాళ వెంట వచ్చింది.

తెర మీద కుమారస్వామి దూకాడు. హాలంతా ఈలలు.

“లే బిడ్డా!” భద్రమ్మ సీటులోంచి లేచి నిలబడింది.

కింద పడ్డ మనిషి దుమ్ము దులుపుకుంటూ లేచి ఇటు తిరిగాడు. ముఖం హీరోది. సినిమాలోని తల్లి పరుగెత్తుకొచ్చి అతణ్ని కావలించుకుంది.

“పడ్డది మనోడే గదనే?”

“మనోడే.”

“మరి లేసింది మనోడు గాదేందే?”

భద్రమ్మ పక్కకు తిరిగి చూసింది. కోడలు కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుంది.

భద్రమ్మ మెల్లగా కూలబడింది. ఆ చేతుల్ని చెవుల మీది నుంచి తీసి, తన గుండెకు హత్తుకుంది.

“ఆనాడు నువ్వు ఆడనే ఉన్నవా బిడ్డా?”

స్రవంతి తలూపింది.

“ఒక్కదానివే ఎట్ల సూసినవే తల్లీ!”