ఆవిడెత్తు బెల్లం

“మనిషిని తూచమంటే తూస్తాను గానీ, ఫోటోని ఎలా తూచనండీ?” అన్నాడు వెంకటాద్రి, నవ్వు ఆపుకోలేక.

గుడివాడ మార్కెట్లో అతని బెల్లం కొట్టు ముందు సోమేశ్వరరావు ఫోటో పట్టుకుని నిలబడే ఉన్నాడు. ముదినేపల్లి నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. నలభై దాటిన మనిషి. చొక్కాకి ఒక గుండీ ఊడిపోతే కుట్టుకోవాలని కూడా తోచినట్టు లేదు.

“తూచొద్దండీ, చూసి చెప్పండి చాలు. ఆవిడ కడుపు పండితే ఆవిడెత్తు బెల్లం ఇస్తానని మోపిదేవి స్వామికి ఏడేళ్ల కిందట మొక్కుకున్నాను. మొన్న బాబు పుట్టాడు.”

“అదీ సంగతి! శుభవార్త చెప్పే మొహం ఇలాగేనా ఉండేది?” అంటూ వెంకటాద్రి ఫోటో లాక్కున్నాడు. మనిషిని చూసి బరువు చెప్పడమంటే అతనికి మహా సరదా. కొట్టుకొచ్చిన ఆడవాళ్ల చేత ఎన్ని చీవాట్లు తిన్నా ఆ నోరు ఊరుకోదు.

ఫోటోలో ఒకావిడ మంగినపూడి బీచిలో చెప్పులు చేత్తో పట్టుకుని నవ్వుతోంది.

“నిలువు చారల చీర. ఇది మనిషిని సన్నగా చూపించి మోసం చేస్తుంది. మొహం కాదు, మణికట్టు చూడాలి. ఊఁ... యాభై రెండు.”

“అది తీసి ఆరేళ్లయిందండీ.”

“అయితే యాభై ఆరు. బాలింత ఒళ్లు కాబట్టి ఇంకో అయిదు. అయినా ఈ లెక్కలన్నీ ఎందుకండీ బాబూ! మూడో నెల దాటాక తల్లీబిడ్డల్ని గుడికి తీసుకెళ్లండి. ఆవిణ్ణి కాటాలో కూర్చోబెడితే ఎంతుంటే అంత.”

“ఆవిడ రాదండీ.”

“ఏం, అలిగి పుట్టింట్లో కూర్చుందా?”

సోమేశ్వరరావు తల అడ్డంగా ఊపాడు. చేత్తో బెల్లం మీది ఈగల్ని తోలాడు.

“మొక్కు తక్కువైతే దోషం కదండీ? పసివాడికి ఏమన్నా అవుతుందేమోనని భయంగా ఉంది. మూణ్ణాళ్లుగా అన్నం సయించడం లేదు.”

వెంకటాద్రికి జాలేసింది. వేళాకోళం కట్టిపెట్టి ఫోటోని వెలుతురులోకి పట్టుకుని మళ్లీ చూశాడు.

“అరవై అయిదు వేసేద్దాం. నాలుగు కిలోలు ఎక్కువైతే స్వామి ఏమీ అనుకోడు.”

“డెబ్బై వెయ్యండి.”

బెల్లం దిమ్మలు మూడు సంచులయ్యాయి. ఒక్కొక్కటే మోసుకెళ్లి రిక్షాలో తనే సర్దుకున్నాడు సోమేశ్వరరావు. ఇలాంటి మొక్కుకి ఇంటిల్లిపాదీ వ్యాను కట్టించుకుని గోలగోలగా వస్తారు. ఈయన వెంట ఒక్క పిట్ట లేదు. వెంకటాద్రి ఆ ఒంటరి మనిషిని ఒక మంచిమాట అని పంపుదామని రిక్షా దాకా వచ్చాడు.

“ఇంతకీ బాబుది మీ పోలికేనా?”

“నేను చూడలేదండీ,” అన్నాడు సోమేశ్వరరావు. “మాకు విడాకులై నాలుగేళ్లయింది. వాడి నాన్న పోలికేనంట.”