మాడిపోయిన అణువు

"నా వల్ల కాదు అత్తయ్యా. మీరే చూసి చెప్పండి" అంటూ కోడలు రెండు చేతులతో కళ్లు మూసుకుని గోడవైపు తిరిగిపోయింది.

అత్తగారికి ఏనుగెక్కినంత సంబరమేసింది. ఇంత పెద్ద ల్యాబులో ఇంత పెద్ద పని తనకే అప్పజెప్పారు మరి! క్యారేజీ ఇచ్చి పోదామని వచ్చిన మనిషి, సంచి భుజాన ఉండగానే కళ్లజోడు సవరించుకుంది.

ఆవిడకి ఈ కెమిస్ట్రీ కొత్తేమీ కాదు. కోడలు రోజూ భోజనాల దగ్గర చెప్పేదే. పార్ఫిరిన్ అని ఊదారంగు అణువు ఒకటి. దానికి ఇంకో చిన్న అణువుని అతికించాలి. వెలుతురు పడగానే మొదటిదాంట్లోంచి ఒక ఎలక్ట్రాన్ టక్కున రెండోదాంట్లోకి దూకాలి. ఇప్పటిదాకా తయారుచేసిన వాటిల్లో ఒక్కదాంట్లోనూ అది దూకి చావలేదు. ఇందులోనూ దూకకపోతే ఈ పని కట్టిపెట్టేయమని ప్రొఫెసర్ ఖరాఖండిగా చెప్పేశాడు.

"కరెంటే కదమ్మా! జీవితమంతా బల్బుల కొట్టు నడిపినదాన్ని, నాకా చెబుతావు?" అనేది అత్తగారు.

నిజమే. కొట్లో ప్రతి బల్బూ వెలిగించి చూశాకే చేతిలో పెట్టేది. మాడిపోయింది తగిలితే, కొనేవాడి మొహం చిన్నబోకముందే చటుక్కున మార్చేసేది.

స్టాండులో రెండు గాజు గొట్టాలున్నాయి. ఎడమవైపుది ఉత్త పార్ఫిరిన్, పోల్చి చూసుకోవడానికి. కుడివైపుది కొత్తది. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

అత్తగారు గదిలో లైట్లార్పి, కోడలు చేతికిచ్చిన అల్ట్రావయొలెట్ దీపం నొక్కింది. ఎడమది భలే ఎర్రగా వెలిగింది. ముచ్చటేసి కాసేపు చూసింది. తర్వాత దీపాన్ని కుడివైపుకి తిప్పింది.

వెలగలేదు.

ఇదీ మాడిపోయిందే అనుకుంది. దీపం ఇంకాస్త దగ్గరగా పెట్టింది. బల్బుని తట్టినట్టు గొట్టాన్ని వేలితో తట్టింది. ఉహూఁ.

"ఏమైంది అత్తయ్యా?" గోడవైపు నుంచే అడిగింది కోడలు.

"ఉండమ్మా, కళ్లజోడు జారింది!"

కొడుకు అలిగినా పట్టించుకోని మనిషే గానీ, ఈ పిల్ల కంట్లో తడి కనిపిస్తే ఆవిడకి ముద్ద దిగదు. పైగా అలవాటుపడ్డ చెయ్యి ఊరుకుంటుందా? మాడిపోయిన గొట్టం బిగించిన మూతతో సహా క్యారేజీ సంచిలోకి జారుకుంది. ఎడమవైపుది కుడివైపుకి వచ్చి కూర్చుంది. ఆ ఖాళీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

"దూకిందే తల్లీ! నీ ఎలక్ట్రాన్ దూకింది!" అంటూ అత్తగారు వయసు మర్చిపోయి గెంతింది. కోడల్ని పట్టుకుని గిర్రున ఒక చుట్టు తిప్పేసింది. "కళ్లు తెరిచి చూడవే, ఎంత ఎర్రగా వెలుగుతోందో!"

కోడలు కళ్లు తెరిచింది. గొట్టాన్ని చూసి, స్టూలు మీద కూలబడి భోరుమంది.

"ఎక్కడి దూకడం అత్తయ్యా... ఎలక్ట్రాన్ దూకితే ఆ వెలుగు ఆరిపోవాలి కదా!"