ఇనుప గద్దల కోట ఆఖరి భాగం

“కాగితాలు సంచులకెల్లి తియ్యకుండ్రి జర. మా బాపు లోపటికి పోయినంక చూసుకుందాం,” గుమ్మంలోనే గుసగుసగా చెప్పాడు వెస్లీ.

రాయమల్లు, పద్మలత మొహమొహాలు చూసుకున్నారు. ఒకరు జగిత్యాల నుంచి, ఒకరు కరీంనగర్ నుంచి బస్సులు మారి మందమర్రి దాకా వచ్చారు. గని ఆఫీసులో పనిచేసి రిటైరై, మనవరాలిని కూడా ఎత్తుకున్న మనిషి ఇంకా తండ్రికి ఇలా వణుకుతాడని వాళ్లు అనుకోలేదు.

“ఇంతకు మేమెవరమని చెప్పినవన్నా?” అంది పద్మలత.

“బైబిల్ స్టడీకి వస్తుండ్రని చెప్పిన.”

రాయమల్లు చెయ్యి నుదుటి మీది కుంకుమబొట్టు దగ్గరికి పోయి, తుడవాలో ఉంచాలో తేల్చుకోలేక అక్కడే ఆగిపోయింది.

“ఫికర్ చెయ్యకు. బాపుకు సూపు మందం,” అన్నాడు వెస్లీ.

వాళ్లను కలిపింది ‘ఇనుప గద్దల కోట’. వాళ్లు బడిలో ఉన్న రోజుల్లో ఒక మాసపత్రికలో ఏళ్ల తరబడి వచ్చిన మాయల మాంత్రికుల సీరియల్ అది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన రాయమల్లు పాత సంచికలు ఎక్కడెక్కడో వెతికి, ఫోన్‌లో గ్రూపు పెట్టి, రోజుకిన్ని ఫొటోలు తీసి పెడుతున్నాడు. పోయిన వానాకాలం ఎవరో పంపితే ఒక పేజీ వెస్లీ కంటపడింది. రాజకుమారుడు విక్రాంతుడు గద్దనెక్కి అగడ్త దాటుతున్న బొమ్మ. చూడగానే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పూట అన్నం సగంలో వదిలేసి గ్రూపులో చేరిపోయాడు. షుగర్ పెరిగిందేమోనని భార్య స్తుతి హడలిపోయింది.

అన్ని భాగాలూ దొరికాయి, ఆఖరిది తప్ప. ఆ సంచికతోనే పత్రిక మూతపడింది. గ్రూపులో దాన్ని చదివినవాళ్లు లేరు. చేత్తో పట్టుకున్నవాడు మాత్రం ఒక్కడున్నాడు. వెస్లీయే.

అతని తండ్రి యెషయా మెథడిస్టు సంఘానికి పాస్టరుగా చేశాడు. మంత్రాలు, పిశాచాలు ఉన్న కాగితం ఆయన ఇంట్లో కనిపించకూడదు. వెస్లీ సంచికను కీర్తనల పుస్తకంలో దాచేవాడు, అది ఎలాగో ఆయనకే దొరికేది. ఆయన కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. పత్రిక తీసుకుని గదిలోకి పోయి తలుపు వేసుకునేవాడు. తలుపు సందులోంచి చాలాసేపటి దాకా దీపం వెలుతురు కనిపించేది. తెల్లారి ఆ సంచిక నీళ్ల పొయ్యిలో మండేది. తన ఆత్మ కోసం బాపు అంతసేపు మోకాళ్ల మీద ఉన్నాడని పిల్లవాడు కుమిలిపోయేవాడు. కాలిపోయిన భాగాలను బడి దోస్తుల దగ్గర దొంగతనంగా చదువుకునేవాడు గానీ, ఆఖరి సంచిక వాళ్లున్న ఊరికి వచ్చింది ఒక్కటే. అదీ కాలిపోయాక, ఇక ఇలాంటి కథల జోలికి పోనని ప్రార్థనలో మాటిచ్చాడు. పాపం, పోయిన వానాకాలం దాకా నిలబెట్టుకున్నాడు కూడా.

ఇప్పుడు గ్రూపువాళ్లంతా కలిసి కథను పుస్తకంగా వేసుకుంటున్నారు. దొరకని ఆఖరి భాగాన్ని పద్మలత రాసింది. ఈ రోజు ముగ్గురూ సరేనంటే అచ్చుకు పోతుంది. వెస్లీకి మాత్రం మనసొప్పడం లేదు. అసలు ముగింపేమిటో తెలియకుండానే పోతానా అని అతని దిగులు.

లోపలి నుంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. తొంభైకి దగ్గరపడిన యెషయా గోడ పట్టుకుని వచ్చాడు.

“ఏ అధ్యాయం సదువుతుండ్రు బిడ్డా?”

రాయమల్లు సంచిని కాళ్ల వెనక్కి జరిపాడు. “ఆఖరిది, అయ్యగారూ.”

“ఆఖరిది మంచిగుంటది,” అని ముగ్గురినీ దీవించి ముసలాయన లోపలికి మళ్లాడు. బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథం అనుకున్నాడని వెస్లీ ఊపిరి పీల్చుకున్నాడు.

కాగితాలు బయటికొచ్చాయి. పద్మలత గొంతు తగ్గించి చదివింది. చివరికి విక్రాంతుడి కత్తికి మాంత్రికుడు భస్మాక్షుడి తల తెగిపడింది, కోట కూలిపోయింది.

“గంత పెద్ద మాంత్రికుడు ఒక్క దెబ్బకు సస్తడా?” అన్నాడు వెస్లీ.

“మరెట్ల సస్తడో నువ్వే చెప్పన్నా. ఆ పుస్తకం చేతిల పట్టుకున్నది నువ్వే కదా,” అంది పద్మలత, కొంచెం నొచ్చుకుని.

“పట్టుకున్న. సదువనియ్యలే. ఊరు మొత్తానికి అదొక్కటే ఉండె, మా బాపు దాన్ని పొయ్యిల పెట్టిండు. గిప్పుడు అడుగుదామంటే గా ముగింపు తెలిసినోడే లేడు.”

ఎంత గట్టిగా అరిచాడో అన్న తరువాత గాని అతనికి తెలియలేదు. కర్ర చప్పుడు మళ్లీ వినిపించింది. గుమ్మంలో యెషయా నిలబడి ఉన్నాడు. వెస్లీ చటుక్కున లేచి, పద్మలత చేతిలోని కాగితాలు లాక్కుని వీపు వెనక దాచాడు.

“పరేషాన్ కాకు బాపూ. ఇది తప్పని నాకెరికే. నా కోసం నువ్వు రాత్రుళ్లు ప్రార్థన చేసింది నేను మర్సిపోలే.”

ముసలాయన చెయ్యి చాచాడు. ఈసారి ఇవ్వను అనాలని వెస్లీకి ఎంతగానో ఉంది. అయినా ఇచ్చేశాడు. కాగితాలు నేరుగా పొయ్యిలోకే పోతాయని కళ్లు మూసుకున్నాడు.

యెషయా వాటిని తడుముకుంటూ తీసుకుపోయి పద్మలత చేతిలో పెట్టాడు. “ఆఖరి ముక్క ఇంకోపారి సదువు బిడ్డా,” అన్నాడు.

ఆమె భయం భయంగా తల తెగిపడిన దగ్గర మళ్లీ చదివింది. పెద్దాయన కర్ర గడ్డం కింద ఆనించుకుని చివరిదాకా విని, తల అడ్డంగా ఊపాడు.

“భస్మాక్షుడు సావలే బిడ్డా, గద్దయి ఎగిరిపోయిండు.”