తడి సున్నం

"ఆ కుంచె కిందెట్టండి అన్నయ్యగారూ. అది మా ఆయన సమాధి," అంది తెరేసా.

ఆంథోనీ ఆగలేదు. మట్టిదిబ్బకి సున్నం వేస్తూనే ఉన్నాడు. "మా ఆవిడది, అన్నపూర్ణది," అన్నాడు.

రెండువేల ఆరు ఆగస్టు వరదకి యానాం గుడి వెనక సమాధుల తోటలో కర్ర సిలువలన్నీ కొట్టుకుపోయాయి. నవంబరులో సమాధుల పండక్కి వచ్చినవాళ్ళు ఎవరి దిబ్బ వాళ్ళు ఊహించుకుని సున్నం వేసుకుంటున్నారు. గోడవారన ఈ ఒక్క దిబ్బకి ఇద్దరు తగిలారు. గేటు దగ్గర ఫాదర్ మొదలుపెట్టారు. సమాధి సమాధికీ ఆగి, దీవించిన నీళ్ళు చల్లి, పోయినవాళ్ళ పేరు పైకి చదువుతున్నారు.

"గుడికి ఏనాడూ రారు. ఇయాళొచ్చి మా దిబ్బ కాజేత్తారా?"

"గుడికొచ్చి ఏం వినాలి? మొదట్లో ఏమీ లేదంట. దేవుడు పనిగట్టుకుని ఇదంతా చేశాడంట. ఎవరడిగారు చెల్లెమ్మా? అలాగే వదిలేత్తే ఏం పోయేది? గోదారి లేదు, మనిషి లేడు, చావూ లేదు. హాయిగా ఉండేది."

"హాయిగా ఉండ్డానికి అప్పుడు మీరెక్కడుండేవోరు?"

కుంచె ఆగింది.

"నేను లేకపోయినా పర్లేదు," అన్నాడు. "మా అన్నపూర్ణ ఉండి, లేకుండా పోయింది చూడు. అదెందుకని."

తెరేసా గొంతు తగ్గింది. "అయ్యన్నీ నాకు తెలీవు. మా ఇంట్లో ఆయన పేరు పలికేవోళ్ళు లేరు. మొగుడి పేరు నేను పలక్కూడదు. ఏడాదికోసారి ఫాదరుగారు చదివితే వింటాను. అంతే."

"ఏం పేరు?"

ఆమె వంగి, తడి సున్నం మీద వేలితో రాసింది.

ఫాదర్ వచ్చారు. వెనకే నీళ్ళ చెంబు పట్టుకుని ఉపదేశి జేవియర్.

"ఇక్కడ ఎవరి పేరు చదవాలి?"

"మిఖాయేలు," అన్నాడు ఆంథోనీ.

తెరేసా అతని వంక చూసింది. "అన్నపూర్ణ కూడానండి," అంది.

ఫాదర్ ఇద్దరినీ చూశారు. రెండు పేర్లూ గట్టిగా చదివి నీళ్ళు చల్లారు. తెరేసా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆంథోనీ తలగుడ్డ తీశాడు.

కాస్త దూరం వెళ్ళాక జేవియర్ గుసగుసగా అన్నాడు. "అది సమాధి కాదు ఫాదర్. వరదప్పుడు గుళ్ళోంచి ఎత్తిపోసిన ఒండ్రు. దాని కింద ఎవరూ లేరండి."

"తెలుసు," అన్నారు ఫాదర్. "పోయించింది నేనే."