ఏ పద్దు కింద?

“కోత ఎందుకు లేదు?” అంటూ బల్ల మీద ఒక్క చరుపు చరిచారు ఆడిటర్ గారు.

ట్రావెల్ ఏజెంటు చేతిలో టీ తొణికింది. ఇన్నేళ్ళ వ్యాపారంలో కోత ఎందుకు పెట్టారని కొట్లాడినవాళ్ళనే చూశాడు గానీ, ఎందుకు పెట్టలేదని మీదికొచ్చిన మనిషిని చూడటం ఇదే మొదలు.

“టూరు రద్దు చేసింది మేమే కద సార్. తప్పు మాదైనప్పుడు మొత్తం ఇచ్చెయ్యడం ధర్మం,” అన్నాడు.

“ధర్మమా? ట్రావెల్ ఏజెన్సీలోనా?”

ఆడిటర్ గారు రిటైరై చాలాకాలమైంది. ఉద్యోగం నుంచే లెండి, అలవాటు నుంచి కాదు. ఇంట్లో సబ్బు అరిగిన తీరు దగ్గర్నుంచి వీధి దీపం ఆరిపోయిన వేళ దాకా ఆయన తనిఖీ కాకుండా ఏదీ గడప దాటదు. తప్పు పట్టడానికెళ్ళి, తప్పు దొరక్కపోతే ఆయనకి ఆ పూట అన్నం సహించదు. ఇవాళ కూడా రసీదులూ, షరతుల కాగితమూ, ఎర్ర సిరా పెన్నూ సర్దుకుని యుద్ధానికే వచ్చారు. తీరా చూస్తే అవతలివాడు యుద్ధం మొదలవకముందే చేతులెత్తేశాడు. ఇది ఆయనకి బొత్తిగా నచ్చలేదు.

“నాదీ, మా ఆవిడదీ రెండు టికెట్లూ, భోజనాల డబ్బూ, ఆఖరికి బుకింగ్ రుసుము కూడా వెనక్కిస్తున్నావు. ‘బుకింగ్ రుసుము ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు చేయబడదు’ అని నీ షరతుల్లో నువ్వే రాసుకున్నావు. మరి ఇదేమిటి?”

“మీ మీద గౌరవం సార్.”

“నీ గౌరవం నాకెందుకయ్యా, నాకు టూరు కావాలి! కొండలెక్కుదామని కొత్త బూట్లు కొన్నాను. కరుస్తాయేమోనని రోజూ వరండాలో అటూ ఇటూ నడిచి మెత్తబరిచాను కూడా. ఇప్పుడవి ఎక్కడికేసుకెళ్ళను, కూరల బజారుకా?”

ఆ మాటన్నప్పుడు మాత్రం ఆయన గొంతులో నిజంగానే బాధ పలికింది. ఏజెంటు తల దించుకున్నాడు.

“జనం సరిపోలేదు సార్. బస్సు నిండలేదు.”

“ఎందుకు నిండదు? మా వీధి వీధంతా వస్తానంది. అంతా పోయినేడాది వచ్చినవాళ్ళే. పోయినసారి నేను లేకపోతే ఆ టూరు ఏమయ్యేదో ఎవరికైనా గుర్తుందా? సరస్సు మధ్యలో పడవ ఆపించి, లైసెన్సు చూపించమని అడిగిందెవరు?”

“మీరే సార్.”

“హోటల్లో ఇచ్చిన సబ్బులు తూకం వేయించిందెవరు?”

“మీరే సార్.”

“తెల్లారకముందే తలుపులు బాది అందర్నీ లేపి, వరసగా నిలబెట్టి, హాజరు తీసుకున్నదెవరు?”

“అది మర్చిపోతామా సార్! ఇప్పటిదాకా ఒక్కళ్ళు కూడా మర్చిపోలేదు,” అన్నాడు ఏజెంటు మహా భక్తిగా.

పొగడ్తకి పడని మనిషి ఇంకా పుట్టలేదు. ఆడిటర్ గారి మొహం కాస్త విప్పారింది. అదే అదనుగా ఏజెంటు సొరుగు లాగి ఇంకో కవరు తీసి ముందు పెట్టాడు.

“ఇది కూడా ఉంచండి సార్. మీకు కలిగిన మనస్తాపానికి.”

కవరు బరువుగానే ఉంది. ఆడిటర్ గారు అక్కడికక్కడే భార్యకి ఫోన్ చేశారు. టూరు లేదని తెలిశాక ఆవిడ, ఊరికే ఇంట్లో కూర్చుని ఏం చెయ్యనంటూ పొద్దున్నే చెల్లెలింటికి బయల్దేరింది. చెల్లెలి ఊళ్ళో చలెక్కువట, పాపం, రెండు స్వెట్టర్లు కూడా పెట్టుకుంది.

“పైసా కోత లేకుండా లాగాను! పైన నష్టపరిహారం కూడా. మనతోనా!”

“మీరడిగితే ఇవ్వక చస్తారాండీ,” అంది ఆవిడ మురిసిపోతూ. “ఇచ్చింది పుచ్చుకుని బుద్ధిగా ఇంటికెళ్ళండి. వాళ్ళని ఇంకేమీ అడక్కం...” అంటుండగానే సిగ్నల్ పోయింది.

అడగొద్దంటే అడగడమే ఆయన వృత్తి. లేచి గుమ్మం దాకా వెళ్ళినవారు కాస్తా వెనక్కి తిరిగారు.

“ఏమయ్యా, ఈ రెండో కవరు ఏ పద్దు కింద రాశావు?”

“వదిలెయ్యండి సార్. చిన్న విషయం.”

“పెద్ద దొంగలు దాక్కునేది చిన్న విషయాల్లోనే. సొంత జేబులోంచి తీసిచ్చే మొహం కాదు నీది. కంపెనీ డబ్బిస్తే మీ ఓనరు నిన్ను బతకనివ్వడు. మరి ఎవరిదీ సొమ్ము? ఎవరిదో తెలియని డబ్బు నేను ముట్టను. చెప్తావా, పైవాళ్ళకి రాయమంటావా?”

ఏజెంటు నుదురు తుడుచుకున్నాడు. అబద్ధాలన్నీ అయిపోయినవాడు ఏం చేస్తాడో అదే చేశాడు, నిజం చెప్పాడు.

“తోటి ప్రయాణికులు చందా వేసుకున్నారు సార్.”

“రద్దయిన టూరుకి ప్రయాణికులేమిటయ్యా?”

“టూరు రద్దవలేదు సార్. మీరొక్కరే రద్దయ్యారు. ఆయనొస్తే మేం రామని వీధి వీధంతా భీష్మించుక్కూర్చుంది. బస్సు పొద్దున్నే వెళ్ళిపోయింది.”

ఆడిటర్ గారు మళ్ళీ కుర్చీలో కూలబడ్డారు. ఎంత బింకంగా ఉందామన్నా మొహం చిన్నబోయింది. వంగి కాళ్ళకున్న ఆ కొత్త బూట్ల లేసులు బిగించుకున్నారు, మళ్ళీ వదులు చేసుకున్నారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది గనక, ఒక్క ప్రశ్న మాత్రం వేశారు.

“తలా సమానంగానే వేసుకున్నారా?”

“ఆ సార్, అందరివీ సమానమే,” అన్నాడు ఏజెంటు నసుగుతూ. “మీ ఆవిడగారు మాత్రం, తన టికెట్టు మళ్ళీ కొనుక్కుని మరీ, రెండు వాటాలిచ్చారు.”