సగం సీసా

అన్న ఫొటోలు కడిగే డార్క్‌రూమ్ తలుపు తీశాడు మరిది.

గది ఖాళీ చేసిపెట్టమని పిలిచింది వదినే. అన్న కనబడకుండా పోయి అప్పటికి పది నెలలు. ఏదో ఊళ్లో పెళ్లి ఫొటోలు తీయాలని కెమెరా సంచీ భుజాన వేసుకుని వెళ్లాడట. అంతే, మళ్లీ రాలేదు. పోలీసులు వెతికారు, పేపర్లో వేశారు. ఆచూకీ లేదు. ఇంక ఎదురుచూసే ఓపిక లేదని, ఆ గది చూస్తుంటే పిచ్చెక్కుతోందని వదిన ఫోన్లో ఏడ్చింది. ఆ ఏడుపు విన్నప్పటి నుంచి మరిదికి కంటిమీద కునుకు లేదు. అమ్మ పోయాక అతన్ని పెంచింది వదినే మరి.

ట్రేలు, క్లిప్పులు, తాళ్లు, అన్నీ దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. అలమరలో ఒక సీసా. అందులో సగం దాకా డెవలపరు, అంటే ఫిల్ము కడిగే మందు.

వదిన గుమ్మంలోనే నిలబడింది. లోపలికి అడుగు పెట్టలేదు. అన్నీ పారబోసెయ్యమంది.

పారబోసే ముందు మరిది కొంచెం మందు గాజుగ్లాసులోకి వంచాడు. మంచినీళ్లలా తేటగా ఉంది.

వదిన ఆ గ్లాసు వంక గుచ్చి చూసింది. ఫొటోగ్రాఫరుతో ఇరవయ్యేళ్లు కాపురం చేసిన మనిషి, ఆమెకు ఆ మాత్రం తెలుసు. నిండు సీసా అయితే మందు ఆర్నెల్లు ఆగుతుంది. సగం సీసా అంటే మిగతా సగం గాలే. రెండు నెలలు తిరిగేసరికి డికాషన్‌లా మారి చచ్చిపోతుంది. అన్న ఏనాడూ సీసా మీద తేదీ వేసిన పాపాన పోలేదు. సొంత పెళ్లిరోజే గుర్తుండని మనిషి, మందు కలిపిన రోజు రాసి పెడతాడా? రంగు చూసి, ఫిల్ము ముక్క ముంచి చూసి, ఇంకెన్నాళ్లు పనిచేస్తుందో చెప్పేసేవాడు. తమ్ముడికీ అదే నేర్పాడు.

మరిది పనికిరాని ఫిల్ము ముక్క ఒకటి వెతికి గ్లాసులో వేశాడు. మందు చచ్చిపోయి ఉంటే ముక్క అలాగే ఉంటుంది. బతికుంటే నల్లబడుతుంది. ఇద్దరూ గ్లాసు వంకే చూశారు.

ముందు అంచులు మసకబారాయి. రెండు నిమిషాలకల్లా ముక్క మొత్తం బొగ్గులా నల్లబడింది.

"వదినా," అన్నాడు. "ఇది కలిపి రెండు నెలలు కూడా దాటలేదు. అన్న బతికే ఉన్నాడు. మనకు తెలియకుండా ఈ ఇంటికి వచ్చి పోతున్నాడు."

ఇప్పుడు వదిన నవ్వాలి. లేదా భోరుమనాలి. ఎక్కడున్నాడు, ఎలా ఉన్నాడు అని అతన్ని పట్టి కుదిపెయ్యాలి. ఏదో ఒకటి చెయ్యి తల్లీ అని మరిది లోలోపలే మొక్కుకున్నాడు.

ఆమె ముఖంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. గబగబా వెళ్లి పెరటి తలుపు గడియ పెట్టింది. కిటికీ రెక్కలు మూసింది. వీధి తలుపు కూడా వేసేసింది. మొగుడు తిరిగొచ్చాడని తెలిసిన ఇల్లాలు తలుపులన్నీ బార్లా తీస్తుంది గానీ, ఇదేం పని? మరిది బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

వదిన తిరిగొచ్చి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

"అదెలా కుదురుతుంది అబ్బాయ్," అంది వినిపించీ వినిపించనట్టు. "ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఊపిరి లేదనుకున్నాకే కదా మట్టి కప్పాను."

పొద్దున్న ఆమె బజారుకు వెళ్లినప్పుడు, డికాషన్‌లా మారిపోయిన పాత మందును తూములో పారబోసి, ఆ సీసాలో సగానికి కొత్త మందు కలిపి పెట్టింది మరిదే.