కిటికీ పక్క గయ్యాళి

"ప్రాణం లేనిది చేతిలోనా, మనసులోనా?"

ఆ మాటకి టైలరు చేతిలోని క్లిప్పు జారి కింద పడింది. తీగమీద ఆరేసిన బట్టలకి పెట్టే మామూలు క్లిప్పు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన మనిషికి దాన్ని పట్టుకోవడమే పెద్ద పని.

మాట విసిరింది కిటికీ పక్క కుర్చీలోని ముసలావిడ. ఊతకర్ర మీద గడ్డం ఆనించుకుని, ఫిజియోథెరపీ గదిలో ఇంతమంది ఉండగా ఆయన్నే చూస్తూ కూర్చుంటుంది.

"తీస్తానులెండి," అన్నాడు టైలరు నవ్వుతూ.

"నవ్వులు తర్వాత. ముందు తియ్యి."

టైలరు వెన్నలాంటి మనిషి. కొలత తప్పు చెప్పినవాడే వచ్చి చొక్కా బిగుతైందని అరిచినా, "పొరపాటు నాదేనండీ" అని విప్పి మళ్ళీ కుట్టిచ్చే రకం. చెయ్యి పడిపోతే ఆ చేతితోనూ పేచీ పెట్టుకోలేదు.

"పోనీలే, రాసిపెట్టి ఉంటే వస్తుంది," అనేశాడు.

డాక్టరు మొదట్లోనే హెచ్చరించాడు. "రావలసిన కదలిక ఈ కొద్ది నెలల్లోనే రావాలి. తర్వాత కష్టం. మళ్ళీ కత్తెర పట్టాలంటే ఇప్పుడే మొండిపట్టు పట్టాలి."

మొండిపట్టు ఆయన ఒంట్లోనే లేదు.

కొత్తగా చేరిన ఫిజియో అమ్మాయి మంచి పిల్ల. రెండు క్లిప్పులు పెట్టగానే, "అలిసిపోయారా అంకుల్? రేపు చూద్దాంలెండి," అనేది. ఆయన హాయిగా చెయ్యి ఒళ్ళో పెట్టుకునేవాడు.

కిటికీ పక్కనుంచి వెంటనే మాట వచ్చేది. "అయిపోయిందా కష్టం? ఇక పెళ్ళాం ముద్దలు కలిపి నోట్లో పెడుతుంది. నీకేం, మహారాజువి!"

ఒళ్ళు మండేది. ఆ మంటలో ఇంకో నాలుగు క్లిప్పులు తీగకి పట్టించేవాడు, ఆ తీగే ఆవిడ ముక్కు అనుకుని మరీ.

ఒకరోజు ఆయన చెయ్యి భుజం దాకా లేచింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు.

"అబ్బో, ఈమాత్రానికే ఊరేగింపా? మా ఇంటి పిల్లి ఇంతకంటే పైకి ఎత్తుతుంది," అందావిడ.

గదంతా నవ్వింది. టైలరుకి తల తీసేసినట్టయింది.

"ఆ గయ్యాళి ఇక్కడుంటే నేను రానమ్మా," అన్నాడు ఫిజియో అమ్మాయితో. పుట్టి బుద్ధెరిగాక ఒకరి మీద ఫిర్యాదు చెయ్యడం అదే మొదలు.

ఆ అమ్మాయి వెళ్ళి మెల్లగా చెప్పింది. "మామ్మగారూ, రేపట్నుంచి మీరు వేరే వేళకి రండి. మీ మాటలకి ఆయన కష్టపెట్టుకున్నారు."

"కష్టపెట్టుకున్నాడా? కోపం తెచ్చుకున్నాడా?"

"కోపమే అనుకోండి. మీరుంటే రానన్నారు."

ఆవిడ కర్ర పుచ్చుకుని లేచి, టైలరు వంక ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఆ గదిలో మళ్ళీ కనిపించలేదు.

గది ప్రశాంతమైంది. క్లిప్పు జారితే ఫిజియో అమ్మాయే వంగి తీసిచ్చేది. "రేపు చూద్దాంలెండి" అన్న మాట రోజూ వినిపించేది. భుజం దాకా లేచిన చెయ్యి ఛాతీ దగ్గర ఆగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒళ్ళో నుంచే లేవలేదు.

టైలరుకి భయం పట్టుకుంది. తనని తనే తిట్టుకుందామని చూశాడు. అలవాటు లేని పని, నోరు రాలేదు.

"నన్ను కాస్త తిట్టవే," అని భార్యని అడిగాడు.

"మిమ్మల్నా? ఏమని తిట్టనండీ?" అంటూ ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

డాక్టరు పెదవి విరిచాడు. "ఇంతదాకా వచ్చి వెనక్కి పోయారేమిటి? ఇక ఎన్నాళ్ళో గడువు లేదండీ."

ఆ సాయంత్రమే గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగి ఆవిడ ఇల్లు తెలుసుకున్నాడు. పక్క వీధే. "తప్పయిపోయిందమ్మా, మళ్ళీ వచ్చి తిట్టండి" అని దారంతా అనుకుంటూ నడిచాడు.

ఆవిడ కూతురు తలుపు తీసింది.

"అమ్మగారున్నారా? ఫిజియోథెరపీ దగ్గర టైలరు వచ్చాడని చెప్పండి."

"అమ్మ కిందటివారం పోయిందండీ. నిద్రలోనే."

టైలరు గుమ్మం పట్టుకున్నాడు.

"మీరేనా ఆ టైలరుగారు? మీకు కోపం వచ్చిన రోజు అమ్మ ఎంత సంబరపడిందో! 'కోపం వచ్చిందే, ఇక ఆ చెయ్యి ఊరుకోదు' అంది. బాగైందా అండీ చెయ్యి?"

టైలరు కుడిచేతిని ఎడమచేత్తో పట్టి వీపు వెనక్కి దాచుకున్నాడు. ఏదో ఒకటి అడగాలని అడిగాడు.

"అమ్మగారు ఏ జబ్బుకి వచ్చేవారక్కడికి?"

"జబ్బేమీ లేదండీ. నాన్నకి పక్షవాతం వస్తే తీసుకొచ్చేది. ఆయన పోయాక కూడా వెళ్ళి కూర్చునేది."

"ఆయన్నీ అలాగే తిట్టేవారా?"

"లేదండీ, అదే అమ్మ దిగులు. నాన్న అచ్చం మీలాంటివారేనని అమ్మ అనేది. పోనీలే, పోనీలే అంటూనే మంచంలో కరిగిపోయారు. పక్కనే ఉండి గట్టిగా ఒక్క మాట అనలేకపోయానని అమ్మ ఏడవని రోజు లేదు."

కూతురు కళ్ళు తుడుచుకుంది.

"ఎవరినీ ఏమీ అనలేని మనిషి, మీ దగ్గరికి వచ్చేముందు రోజూ అద్దం ముందు నిలబడి తిట్లు వల్లెవేసుకునేదండీ."